గుమ్మడికాయ స్కోన్లు, కాస్ట్ ఐరన్ స్కిల్లెట్‌లో

పంప్‌కిన్ స్కోన్, అంటే గుమ్మడికాయ వేసి కాల్చే మందపాటి బిస్కెట్ లాంటి రొట్టె ముక్క, అనగానే ఇక్కడ అమెరికాలో అందరికీ ముందు గుర్తొచ్చేది కాఫీ షాపు అద్దం వెనకాల కనపడేదే, పైన మందంగా ఐసింగ్, దాని మీద మళ్ళీ ఇంకో రంగు ఐసింగ్ గీతలు, లోపల మాత్రం మెత్తగా కేకులా. బాగోదని కాదు, పిల్లలు ఇష్టంగానే తింటారు, కానీ అది తింటుంటే నాకు మఫిన్ తిన్నట్టే ఉంటుంది. స్కోన్ అంటే అడుగు కరకరలాడాలండీ. చేత్తో విరిస్తే పొరలుగా విడిపోవాలి, బటర్ ఎక్కడెక్కడ కరిగిందో అక్కడ చిన్న చిన్న ఖాళీలు కనపడాలి. గుమ్మడికాయ వేశాక కూడా అలాగే రావాలని నా పట్టుదల, దానికి నాకు బాగా పనికొచ్చింది పోత ఇనుము స్కిల్లెట్టే, అంటే పిడి ఉన్న బరువైన పెనం. ఒకసారి స్టవ్ మీద, తర్వాత ఓవెన్‌లో, రెండు సార్లు వాడతాను దాన్ని.

గుమ్మడికాయతో అసలు చిక్కంతా నీళ్ళతోనే. డబ్బాలో వచ్చే పంప్‌కిన్ ప్యూరీలో దాదాపు 90 శాతం నీళ్ళే ఉంటాయి. అది అలాగే పిండిలో కలిపేస్తే పిండి జిగురుగా అయిపోతుంది, చేతికి అంటుకుంటుంది, ఓవెన్‌లో పెడితే కాలడం కంటే ఉడకడం ఎక్కువ. అంటుకుంటోంది కదా అని ఇంకాస్త మైదా చల్లుతారు, ఇంకా అంటుకుంటే ఇంకాస్త, చివరికి గుమ్మడికాయ రంగు మిగులుతుంది గానీ రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆ లోటు కప్పడానికే దాల్చిన చెక్క గుప్పించేస్తారేమో అనిపిస్తుంది నాకు.

మేముండేది ఇల్లినాయ్‌లో, బ్లూమింగ్టన్. ఐ-74 హైవే ఎక్కి పియోరియా వైపు వెళ్తుంటే దారిలో మోర్టన్ అనే ఊరొస్తుంది, లిబ్బీస్ డబ్బా పంప్‌కిన్ ఫ్యాక్టరీ అక్కడే. ఈ దేశంలో డబ్బాల్లోకెళ్ళే గుమ్మడికాయ చాలా వరకు ఇల్లినాయ్ పొలాల్లోదే. 2009లో సరిగ్గా కోతల టైమ్‌కి వానలు వదలకుండా పడి, ట్రాక్టర్లు బురదలో దిగలేక కాయలు పొలాల్లోనే పోతే, దేశమంతా పంప్‌కిన్ డబ్బాలకి కటకట వచ్చింది. ఇంత మాత్రం చుట్టుపక్కల కురిసిన వానకి ఎక్కడో కాలిఫోర్నియాలో షెల్ఫ్ ఖాళీ అవడం!

ఇంకో సంగతి, ఆ డబ్బాలో ఉండేది హాలోవీన్‌కి ముఖాలు చెక్కే నారింజ రంగు కాయ కాదు. డికిన్సన్ అని వేరే రకం, తోలు లేత గోధుమ రంగులో ఉంటుంది, కండ మాత్రం ముదురు నారింజ. శాస్త్రం ప్రకారం అది కుకుర్బిటా మోస్కాటా, మనం దప్పళంలో వేసుకునే తీపి గుమ్మడికాయదీ అదే జాతి, బటర్‌నట్ స్క్వాష్‌దీ అదే. హాలోవీన్ కాయ కుకుర్బిటా పెపో, దాని దారి వేరు. కొత్తగా వచ్చినవాళ్ళు అక్టోబర్‌లో చవగ్గా దొరికింది కదా అని ఆ పెద్ద కాయ తెచ్చి పులుసు పెడితే చప్పగా, పీచుగా, నీళ్ళనీళ్ళగా ఉంటుంది, వండినవాళ్ళ తప్పేం లేదు అందులో. చెక్కడానికి పెంచిన కాయ అది. డబ్బా వద్దనుకుంటే ఇండియన్ స్టోర్‌లో ముక్కలుగా కోసి అమ్మే గుమ్మడికాయ గానీ, బటర్‌నట్ గానీ తెచ్చుకోండి, సగానికి కోసి గింజలు తీసి ఓవెన్‌లో మెత్తబడేదాకా పెట్టి గుజ్జు గీకెయ్యండి. కుక్కర్‌లో మాత్రం పెట్టకండి, మళ్ళీ నీళ్ళే చేరతాయి.

సరే, మొదటి పని ఆ గుజ్జుని ఎండగట్టడం. ముప్పావు కప్పు ప్యూరీ, అంటే 180 గ్రాముల దాకా, స్కిల్లెట్‌లో వేసి మీడియం మంట మీద చెక్క గరిటతో కలుపుతూ ఉండాలి. ముందు చిన్న బుడగలు వచ్చి చిటపట ఎగురుతుంది, ఆవిరి బాగా లేస్తుంది. ఒక ఏడెనిమిది నిమిషాలకి ఆ చప్పుడు మారుతుంది, తడి చప్పుడు పోయి సన్నగా సుయ్‌మని వినపడుతుంది, రంగు లేత నారింజ నుంచి ఇటుక రంగులోకి దిగుతుంది, గరిటతో నెడితే హల్వాలాగా మూకుడు అంచులు వదిలేసి ముద్దగా కదులుతుంది. గరిటతో మధ్యలో గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలబడాలి, అదీ లెక్క. తూకం వేస్తే 110 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. వాసన కూడా మారిపోతుంది, పచ్చి కూరగాయ వాసన పోయి కాల్చిన చిలగడదుంప వాసన తగులుతుంది.

మొన్న మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే ఉన్నప్పుడు ఇదే చేస్తున్నా, పక్కన నిలబడి చూసి "ఏమ్మా, హల్వానా? మరి నెయ్యి వెయ్యవేం?" అన్నారు. "హల్వా కాదత్తయ్యా, స్కోన్లలోకి, నీరంతా ఇగిరిపోవాలి" అన్నాను. "ఇగరాలంటే మంట ఇంకాస్త తగ్గించు, చెయ్యి ఆపకు, అడుగంటిందంటే చేదొచ్చేస్తుంది" అని గరిట తీసుకుని ఆవిడే కలిపారు. దించే ముందు పొయ్యి మీదుండగానే శొంఠి పొడి, జాజికాయ కూడా వేసెయ్యమన్నారు, వేడి తగిలితేనే వాసన విచ్చుకుంటుందని. అప్పటిదాకా మసాలా పొడులు పిండిలోనే కలిపేదాన్ని, ఆవిడ చెప్పినట్టు చేస్తే చాలా తేడా తెలిసింది, ఇప్పుడు ఎప్పుడూ అలాగే. నా పాళ్ళు: దాల్చిన చెక్క పొడి ఒక చెంచా, శొంఠి అర చెంచా, జాజికాయ పావు చెంచా, లవంగం పొడి చిటికెడంటే చిటికెడే. లవంగం ఎక్కువైతే పంటి డాక్టర్ దగ్గర కూర్చున్న వాసన.

ఈ ముద్దని పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి, పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉండగా కలిపితే బటర్ అప్పుడే కరిగిపోతుంది, కరిగితే ఇంక పొరలు రావు. బటర్ గడ్డగా పిండిలో ఉండిపోయి, ఓవెన్ వేడికి ఒక్కసారిగా కరిగి, అందులోని నీళ్ళు ఆవిరై పిండిని పైకి లేపితేనే ఆ ఖాళీలు వచ్చేది. అమెరికన్ బటర్‌లో కొవ్వు 80 శాతం ఉంటే చాలు, మిగిలిన దాంట్లో ఎక్కువ నీళ్ళే, ఆ నీళ్ళే ఇక్కడ మనకి పని చేసిపెడతాయి. గుమ్మడికాయ నీళ్ళు వద్దు, బటర్ నీళ్ళు కావాలి!

ఇనుము గురించి కాస్త చెప్పాలి, నాకు దీని మీద ప్రేమ ఎక్కువ. నాది లాడ్జ్ వాళ్ళ 10¼ అంగుళాల స్కిల్లెట్, టెనెసీలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో 1896 నుంచీ పోత పోస్తున్న కంపెనీ. సీజనింగ్, సీజనింగ్ అని ఇక్కడ పెద్ద విద్యలా చెప్తారు గానీ దోసెల పెనం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఇంట్లో దోసెల పెనం మీద చపాతీ కాల్చనిచ్చేవాళ్ళు కాదు, సబ్బు పెట్టి తోమనిచ్చేవాళ్ళు కాదు, సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దేవాళ్ళు. జరిగేది రెండు చోట్లా ఒకటే, పల్చగా రాసిన నూనె బాగా వేడెక్కి గట్టిపడి ఇనుముకి పట్టుకుపోతుంది, ఆ నల్లటి పొరే అంటుకోకుండా కాపాడుతుంది. ఇప్పటి డిష్ సోప్ కొంచెం వాడినా ఆ పొరకి ఏం కాదు, నీళ్ళలో నానబెట్టడమే దానికి పడదు. చింతపండు పులుసు ఇందులో పెడితే పొర దెబ్బతిని పులుసు నల్లబడుతుంది కానీ గుమ్మడికాయలో అంత పులుపు లేదు కాబట్టి ఎంతసేపు ఇగిర్చినా భయం లేదు.

స్కోన్లు పుట్టింది స్కాట్లాండ్‌లో, అక్కడ మొదట్లో ఓవెన్‌లో కాదు, నిప్పు మీద పెట్టిన ఇనప పెనం మీదే కాల్చేవాళ్ళు, గుండ్రంగా తట్టి ముక్కలు కోసి. ఓవెన్లు, బేకింగ్ పౌడర్ వచ్చాకే ట్రే మీదకి వెళ్ళాయి. ఇప్పటికీ అక్కడ పెనం మీద కాల్చిన స్కోన్లు ఉన్నాయి. కాబట్టి స్కిల్లెట్ వాడటం కొత్త పోకడేం కాదు.

ఓవెన్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి, సెల్సియస్‌లో 200, ఖాళీ స్కిల్లెట్‌ని అందులోనే కనీసం ఇరవై నిమిషాలు ఉంచండి. బర్నర్ మీద వేడి చెయ్యకండి, ఇనుములో వేడి పాకడం అల్యూమినియంలో కంటే చాలా నిదానం, మంట తగిలిన చోట మాడేంత వేడి, అంచుల్లో అంతంత మాత్రం. ఓవెన్‌లో అయితే అన్ని వైపులా సమానంగా ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిన వేడి మాత్రం అంత తొందరగా వదలదు, రెండు కిలోల పైన బరువు కదా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పిండి మీద పడినా చల్లబడదు. ట్రే మీద పెడితే పల్చటి రేకు వెంటనే చల్లబడిపోయి, మళ్ళీ వేడెక్కేలోపు అడుగు తడిసి కూర్చుంటుంది. గుమ్మడికాయ స్కోన్‌కి ఈ తేడా మామూలు స్కోన్ కంటే ఇంకా ఎక్కువ, ఎంత ఎండగట్టినా తడి కొంచెం ఉంటుంది కాబట్టి.

స్కిల్లెట్ వేడెక్కేలోపు పిండి. మైదా రెండు కప్పులు, 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టేబుల్ స్పూన్, ఉప్పు అర టీస్పూన్, బ్రౌన్ షుగర్ 70 గ్రాములు. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం పొడి కూడా బాగుంటుంది, ఇంకొంచెం ముదురు రంగు వస్తుంది, ఉండలు లేకుండా జల్లించుకోండి. ఒక స్టిక్ బటర్, 113 గ్రాములు, ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక కొబ్బరి తురిమినట్టు పెద్ద కన్నాల వైపు తురిమి పిండిలో వేసి వేళ్ళ చివర్లతో కలపాలి, అరచెయ్యి తగలకుండా. చల్లారిన గుమ్మడి ముద్ద, ఒక గుడ్డు, నాలుగు టేబుల్ స్పూన్ల చల్లటి మజ్జిగ, చిక్కటి మజ్జిగ అయ్యుండాలి, కలిపి గిలక్కొట్టి పిండిలో పోసి ఫోర్క్‌తో కలపండి. పొడిపొడిగా, కలిసీ కలవనట్టు ఉన్నప్పుడే ఆపెయ్యాలి, చపాతీ పిండిలా మర్దన చేశారంటే అంతే సంగతులు. బల్ల మీద వేసి దగ్గరికి నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కి, ఇంకోసారి మడిచి అంగుళం మందాన గుండ్రంగా తట్టండి. ఎనిమిది ముక్కలుగా కొయ్యండి, చాకుని నిలువుగా దించాలి, రంపంలా కోస్తే అంచులు అతుక్కుపోయి పైకి లేవవు. కోశాక పావుగంట ఫ్రీజర్‌లో.

ఇప్పుడు స్కిల్లెట్ బయటికి తీసి, మందపాటి గుడ్డ పట్టుకునే, ఒక చెంచా నెయ్యి వేసి అంతా పరుచుకునేలా తిప్పి, ముక్కలు మధ్య వేలెడు ఖాళీ వదిలి పెట్టండి. పెట్టగానే చుయ్‌మనాలి. ఆ చప్పుడు రాకపోతే స్కిల్లెట్ ఇంకా వేడెక్కలేదని. పైన కొంచెం మీగడ రాసి ముతక పంచదార చల్లి ఓవెన్‌లో పెడితే 18 నుంచి 22 నిమిషాలు. పై అంచులు ఎర్రబడ్డాక ఒక ముక్కని అట్లకాడతో ఎత్తి అడుగు చూడండి: మొత్తం ఒకే రంగు ఉండదు, తేనె రంగు మీద బటర్ తురుము వేగిన చోటల్లా ముదురు మచ్చలుంటాయి, గోరుతో తట్టితే టక్‌మంటుంది. అయిపోయాక స్కిల్లెట్‌లోనే వదిలెయ్యకండి, ఆ వేడికి ఇంకా కాలుతూనే ఉంటాయి, వెంటనే తీసి జాలీ మీద పెట్టండి. స్కిల్లెట్ పిడికి ఒక గుడ్డ చుట్టి ఉంచండి, ఇంట్లో ఎవరో ఒకరు చల్లారిందనుకుని పట్టేసుకుంటారు.

ఐసింగ్ నేను పొయ్యను. ఇంత కష్టపడి నీళ్ళు తీసేసి పైన మళ్ళీ తడి ఎందుకు? వేడిగా ఉండగా విరిచి ఉప్పు బటర్ రాసుకుంటే చాలు, పక్కన అల్లం టీ.

గుడ్డు తిననివాళ్ళకి చేసేటప్పుడు గుడ్డు మానేసి మజ్జిగ ఇంకో మూడు టేబుల్ స్పూన్లు పోస్తాను, కొంచెం తక్కువ పొంగుతాయి గానీ అడుగు అలాగే వస్తుంది. డబ్బా తెరిస్తే 15 ఔన్సులు, 425 గ్రాములు, సగం పైన మిగిలిపోతుంది కదా, మొత్తం ఒకేసారి ఇగిర్చేసి 110 గ్రాముల చొప్పున చిన్న కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో వెయ్యండి, తర్వాతసారి ఆ పని తప్పుతుంది. కోసిన పచ్చి ముక్కలు కూడా ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు, కరగబెట్టకుండా అలాగే వేడి స్కిల్లెట్‌లో పెట్టి ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరిపోతుంది, పొద్దున్నే ఇంట్లో ఇద్దరే ఉన్నా రెండు ముక్కలే కాల్చుకోవచ్చు.