క్విల్టు బ్లాకుకు అద్దకపు ఇస్త్రీ

క్విల్టు అనే ముక్కల బొంత కోసం పన్నెండో బ్లాకు, అంటే చిన్న బట్ట ముక్కలు కలిపిన చదరం, కుట్టడం పూర్తయిన రాత్రి అన్నింటినీ మంచం మీద నాలుగేసి చొప్పున మూడు వరుసలుగా పేర్చి చూసుకుంటే, ఒక్కటీ పక్కదానితో అంచుకు అంచు కలవలేదు. కుట్టు కోసం వదిలిన బట్టతో కలిపి ఒక్కో బ్లాకు అన్ని వైపులా 12½ అంగుళాలు ఉండాలి. నావి ఒక వైపు 12¾ ఉంటే ఎదుటి వైపు 12⅜ ఉన్నాయి. కొన్నింటికి నడుమ భాగం అప్పడంలా ఉబ్బింది. కత్తిరింపు తప్పేమోనని మిగిలిన ముక్కలను కొలిచాను, కుట్టు వంకరేమోనని వెనక్కి తిప్పి చూశాను. రెండూ సరిగానే ఉన్నాయి. చివరకు తేలిందేమిటంటే, ప్రతి కుట్టు తరువాతా నేను ఎంతో శ్రద్ధగా, ఆవిరి పట్టి మరీ రుద్దిన ఇస్త్రీయే వాటిని పాడుచేసింది.

మన బొంతకు ఈ బాధ లేదు. పాత చీరలను పొరలుగా పరిచి పొడుగు కుట్లు వేసుకుంటూ పోయేటప్పుడు, ఒక మూల బెత్తెడు సాగినా చివర అంచు మడతలో సర్దుకుంటుంది. అమెరికా క్విల్టుల్లో వాడుకగా ఉన్న బ్లాకుల పద్ధతిలో ముందు చిన్న ముక్కలతో చదరాలు కుట్టి, తరువాత ఆ చదరాలను కలపాలి కనుక, ప్రతి ముక్కలోని తేడా పక్క ముక్కకు అప్పుగా చేరుతుంది. నేను ఎంచుకున్నది ఫ్రెండ్‌షిప్ స్టార్ అనే నమూనా. అందులో తొమ్మిది గడులు, గడికి నాలుగు అంగుళాలు. వాటిలో నాలుగు గడులు రెండేసి త్రిభుజాలు కలిపి చేసినవి. వరుసకు నాలుగు బ్లాకులంటే, బ్లాకులను కలిపే కుట్లు కాక, ఒక్కో వరుసలో ఎనిమిది నిలువు కుట్లు వస్తాయి. కుట్టుకు అంగుళంలో పదహారో వంతు, అంటే పాత లెక్కలో ఒక్క వీసం, తేడా వచ్చినా వరుస చివరకు అది అర అంగుళం అవుతుంది.

బట్ట ఎందుకు సాగుతుందో నేతను చూస్తే అర్థమవుతుంది. మగ్గం మీద బిగించి ఉన్న పడుగు దారాల వెంట బట్ట దాదాపు సాగదు, పేక వెంట కొద్దిగా సాగుతుంది. ఏటవాలుగా లాగినప్పుడు మాత్రం ఆ దిక్కులో పట్టి ఉంచే దారమే ఉండదు కాబట్టి, పడుగూ పేకా కలిసే చోట ఉన్న సూక్ష్మమైన చదరాలన్నీ ఒక పక్కకు ఒరిగిపోతాయి. టైలర్లు దీనినే క్రాస్ అంటారు. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అతికినట్టు రావడానికి కారణం ఈ సాగుడే. జాకెట్టులో అది గుణం, క్విల్టులో అదే దోషం. త్రిభుజాల గడిలో కుట్టు సరిగ్గా ఆ ఏటవాలు మీదే పడుతుంది. దాని వెంట ఇస్త్రీ పెట్టెను ఒక్కసారి మూల వైపు తోశామంటే, చదరంగా ఉన్న గడి కాజూ బర్ఫీ ముక్కలా మారిపోతుంది. పైగా నూలు పోగు తడిసినప్పుడు మెత్తబడి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికి కట్టుబడుతుంది. ఆవిరి వదులుతూ రుద్దానంటే, నేనే బట్టను సాగదీసి, ఆ సాగుడును నేనే ఖాయం చేశానన్న మాట.

డాలస్‌లో ఉండే మా వదిన చాలా ఏళ్లుగా క్విల్టులు కుడుతోంది. వీడియో కాల్‌లో నా బ్లాకులు చూసి, "ముందు నువ్వు ఇస్త్రీ ఎలా చేస్తావో చూపించమ్మా" అంది. చూపించాను. "అలా చొక్కాకు చేస్తారు. దీని మీద పెట్టెను పెట్టాలి, ఎత్తాలి, పక్కన మళ్లీ పెట్టాలి. జరపకూడదు" అంది. ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ రెండు మాటలున్నాయి, మనం రెండింటినీ ఇస్త్రీ అనే అంటాం. నా చేతికి తేడా తెలియకపోవడానికి ఆ ఒక్క మాటే కారణమని సమర్థించుకున్నాను. ఆ తరువాత తట్టింది, మనకూ మాట ఉంది. పెడనలో కలంకారీ పని చేసేవారు చెక్క అచ్చును రంగులో ముంచి, బట్ట మీద నిలబెట్టి, పిడికిలితో ఒక్క పోటు వేసి, నిటారుగా పైకి తీస్తారు. అచ్చు వెంట్రుకవాసి జరిగినా రంగు పులుముకుపోతుంది. దాని పేరు అద్దకం. నా బ్లాకుల్లోని ఎర్ర ముక్కలు ఆ పెడన బట్టవే కావడంతో, అప్పటినుంచి ఇస్త్రీ పెట్టె పట్టుకున్నప్పుడల్లా ఆ అచ్చే గుర్తుకు వస్తోంది.

ఇప్పుడు నేను చేస్తున్న క్రమం ఇది. కుట్టు పూర్తికాగానే రెండు ముక్కలనూ విప్పకుండా, కుట్టిన స్థితిలోనే కుట్టు మీద పెట్టెను రెండు మూడు క్షణాలు ఉంచితే దారం బట్టలోకి దిగుతుంది. ఈ మెట్టును నేను చాలాకాలం అనవసరమనుకుని వదిలేశాను, అది నా తొందరపాటు. తరువాత ముదురు రంగు ముక్కను పైన ఉంచి, దానిని వేళ్లతో మెల్లగా వెనక్కి విప్పి, మంచి వైపు నుంచే పెట్టెను అద్దాలి. వెనక వైపు నుంచి చేస్తే కుట్టు పక్కన సన్నని మడత మిగిలిపోయి, అది వీసం బట్టను మింగేస్తుంది. వేడి కాటన్‌కు తగినంత ఉండాలి, ఆవిరి ఉండకూడదు, చేతి బరువు అసలే వేయకూడదు. పెట్టె తీసిన వెంటనే బట్టను లాగకుండా చల్లారనివ్వడం అన్నింటికంటే కష్టమైన పని, ఎందుకంటే చేయి ఊరుకోదు. అందుకని చదునైన చెక్క ముక్క ఒకటి పక్కన ఉంచుకుని, వేడి కుట్టు మీద దానిని బరువుగా పెడుతున్నాను. కుట్టు బల్లపరుపుగా అణుగుతుంది, నా చేయీ దూరంగా ఉంటుంది.

మెత్తటి దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద ఇస్త్రీ చేసే మన అలవాటు కూడా దీనికి పనికిరాదు. పెట్టె దిగిన చోట మెత్త కుంగి, బట్టను తనతో లోపలికి లాగుతుంది. చెక్క పలక మీద ఒక్క పొర మందపాటి నూలు బట్ట బిగించుకుంటే చాలు.

కుట్టు మడతలను ఏ వైపు తిప్పాలన్నది చిన్న విషయమే. మొదటి వరుసవి కుడికి, రెండోవి ఎడమకు, మూడోవి మళ్లీ కుడికి తిప్పితే, వరుసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఒకదానికొకటి ఆనుకుని మూలలు వాటంతట అవే కలుస్తాయి.

అన్నింటికంటే ఎక్కువగా ఆదుకున్నది మాత్రం గంజి. చీరలకు పెట్టే పలచని బియ్యపు గంజినే వడగట్టి, ముందుగా ఉతికి రంగు దిగడం లేదని చూసుకున్న బట్టకు, కత్తిరించడానికి ముందే పట్టించి ఆరబెట్టాను. అట్టలా నిలిచిన ఆ బట్టలో ఏటవాలు అంచు కూడా మాట వింటుంది. కత్తిరించాక పెడితే తడికి ముక్క కొలత మారుతుంది కనుక ప్రయోజనం లేదు. క్విల్టు పూర్తయ్యాక గంజి పోయేలా ఉతకడం మరిచిపోకూడదు. బీరువాలో వెండి పురుగులకు అది విందు.

పాడైన పన్నెండింటిని అంచులు కత్తిరించి సరిచేద్దామని మొదట అనుకున్నాను. అలా చేస్తే పావు అంగుళం కుట్టు జాగా పోయి, నక్షత్రం మొనలు తెగిపోతాయి. అందుకు బదులు చెక్క పలక మీద పెన్సిలుతో 12½ అంగుళాల చదరం గీసి, బ్లాకును కాస్త తడిపి, ముందు నాలుగు మూలలనూ, తరువాత అంచుల మధ్య భాగాలనూ గీతకు గుండుసూదులతో బిగించి, పెట్టెను తాకించకుండా పైనుంచి ఆవిరి పట్టి, పూర్తిగా ఆరేదాకా వదిలేశాను. పది బ్లాకులు దారికి వచ్చాయి. మిగిలిన రెండింటిలో చేనేత బట్ట మరీ పలచనిది కావడంతో ఉబ్బు పోలేదు. వాటి కుట్లు విప్పి, గంజి పెట్టిన కొత్త త్రిభుజాలతో మళ్లీ కుడుతున్నాను.