అక్క చేతికి ఏ స్టీరింగ్ ఇవ్వాలి?

ఆదివారం.

అక్క పుట్టినరోజుకి ఈసారి వస్తువులేవీ కొనొద్దనుకున్నాను. ఏది కొన్నా "బాగుందే" అని లోపల పెట్టేస్తుంది, అంతే. కారు నడపడమంటే మాత్రం తనకి ప్రాణం. బండిలో ఎంతమంది ఉన్నా తాళాలు తన చేతిలో ఉండాల్సిందే. తప్పనిసరై పక్క సీట్లో కూర్చుంటే, లేని బ్రేక్‌ని కాలితో తొక్కుతూనే ఉంటుంది. అందుకని రేసు ట్రాక్ మీద కారు నడిపే డ్రైవింగ్ ఎక్స్‌పీరియన్స్ డే ఒకటి ఇద్దామని తేల్చేశాను. ఏ రకం అన్నదగ్గరే ఇవాళంతా గడిచిపోయింది.

బావగారికి ఫోన్ చేస్తే క్షణం ఆలోచించలేదు. "ఎర్ర ఫెరారీ బుక్ చేసెయ్ అమ్మాయ్" అన్నారు.

"అది అక్క కోరికా, మీ కోరికా?"

"ఎవరిదైతే ఏం, ఫొటోలు అదిరిపోతాయి కదా!"

భోజనమయ్యాక ప్యాకేజీలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిట్లోనూ కారు బొమ్మ పెద్దగా, ల్యాప్‌ల సంఖ్య, అంటే ట్రాక్ చుట్టూ ఎన్ని చుట్లో, కింద ఎక్కడో చిన్నగా. ఒకటి మరీ ఊరిస్తుంటే కాగితం మీద లెక్క వేశాను. ట్రాక్ పొడవు 2 కిలోమీటర్లు, ల్యాప్‌లు మూడు, మొత్తం 6 కిలోమీటర్లు. సగటున గంటకి 100 వేగంతో పోయినా నాలుగు నిమిషాల లోపే దిగిపోవాలి. అందులో మొదటి ల్యాప్ దారి తెలుసుకోవడానికే పోతుంది. చివర్లో బ్రేకులు చల్లబడాలని మెల్లగా రమ్మంటారు. మిగతా సమయమంతా లైసెన్స్ చూపించడం, సంతకాలు పెట్టడం, సేఫ్టీ బ్రీఫింగ్ వినడం, హెల్మెట్ కోసం వరస, మన పేరు పిలిచేదాకా ఎదురుచూపు. వరసలో నిలబడటాన్ని అక్కకి బహుమతిగా ఇవ్వడమెందుకు!

బావగారి మాట కొట్టిపారేయాల్సిందేమీ కాదు. ఆ కారు పోస్టర్‌ని చిన్నప్పుడు గోడకి అంటించుకుని పెరిగినవాళ్లకి ఆ నాలుగు నిమిషాలే జన్మకి చాలు. ఆ ఇంజిన్ చప్పుడు వీపు వెనకనుంచి వినడానికే వెళ్తారు వాళ్లు. అక్క ఆ రకం కాదు. ఒకసారి జోరువానలో మలుపు దగ్గర కారు కొంచెం జారితే మేమందరం కెవ్వుమన్నాం. తను మాత్రం సర్దుకుని నడిపేసి, ఆ తర్వాత చాలా రోజులు "అసలు ముందు జారిందా, వెనక జారిందా" అని అడుగుతూనే ఉంది. మాలో ఎవరికి తెలుసు? కళ్లు మూసుకుని ఉన్నాం కదా.

ఆ మాట గుర్తొచ్చాక వెతకడం తేలికైంది. స్కిడ్ ప్యాన్ అని ఒకటుంది. నున్నటి నేలని నీళ్లతో తడిపి ఉంచుతారు. కొన్నిచోట్ల కారు కింద చిన్న చక్రాలున్న ఫ్రేమ్ బిగించి, టైర్ల మీద పడే బరువు తగ్గిస్తారు. దాంతో తక్కువ వేగంలోనే కారు పట్టు తప్పుతుంది. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు మాట వినకుండా నేరుగా పోతే అది అండర్‌స్టీర్. వెనక భాగం పక్కకి తన్నుకుని వచ్చేస్తే ఓవర్‌స్టీర్. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని, గుద్దుకోవడానికి ఏమీ లేని చోట రెండూ కావాలనే చేయిస్తాడు. అక్క ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది.

చిక్కల్లా ఒకటే. డ్రైవింగ్ పాఠం బహుమతిగా ఇస్తే "నీకు నడపడం రాదు" అన్నట్టుండదూ? దీని మీద బావగారితో మళ్లీ పావుగంట చర్చ. చివరికి, పొద్దున స్కిడ్ ప్యాన్, ఆ తర్వాత తేలికపాటి కారులో ట్రాక్ మీద ల్యాప్‌లు ఉన్నది దొరికింది. ఆ కారు కేటర్‌హామ్ సెవెన్. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ దీనికి మూలం, 1973లో హక్కులు కేటర్‌హామ్ వాళ్ల చేతికొచ్చాయి. పైకప్పు లేదు, బరువు 600 కిలోల లోపే. రోడ్డులో ప్రతి గతుకూ చేతికి తెలుస్తుందట. "ఇదేంటి, బొమ్మ కారులా ఉంది" అన్నారు బావగారు. అయినా ఇందులో స్టీరింగ్ దగ్గర ఎంతసేపో నిమిషాల్లో రాసిపెట్టారు. నాకు కావాల్సింది అదే.

ట్రాక్ పాత ఎయిర్‌ఫీల్డ్ మీద వేసినదని తెలిసి ముందు పెదవి విరిచాను. కానీ ఇంగ్లండ్‌లోని పేరుమోసిన రేసు ట్రాక్ సిల్వర్‌స్టోన్ కూడా రెండో ప్రపంచయుద్ధం నాటి వైమానిక స్థావరమే. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి రేసు 1950 మే 13న జరిగింది అక్కడే. పైగా కొత్తవాళ్లకి వెడల్పుగా, చదునుగా ఉన్న నేల నయం. వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. చుట్టూ ఖాళీ ఉండటమే మంచిది.

ఇక షరతులు. చిన్న అక్షరాల్లో ఉన్నవన్నీ చదివాను, ఈ పని మాత్రం ఎవరూ మానకూడదు. కారుకి దెబ్బ తగిలితే మన జేబులోంచి ఎంత పోతుంది, వోచర్ ఎప్పటిదాకా చెల్లుతుంది, వాన పడితే నడుపుతారా, ఆటోమేటిక్ లైసెన్స్ సరిపోతుందా. అక్కది గేర్ల లైసెన్సే, ఆ గొడవ లేదు. పల్చటి అడుగున్న బూట్లు వేసుకోవాలట, పెడల్ కాలికి తెలియాలి కదా. కారు ఇరుకు కాబట్టి ఎత్తుకీ బరువుకీ పరిమితి ఉంది.

"బావగారూ, అక్క ఎత్తెంత?"

"నా చెవి దాకా వస్తుంది."

"మీ చెవి ఎంత ఎత్తులో ఉందో కొలిచి చెప్పండి. బరువు కూడా కావాలి."

"అది నేనడగను తల్లీ. ఈ ఇంట్లో ఇంకా కొన్నేళ్లు ఉండాలి నేను."

బరువు నేనే వేరే దారిలో రాబట్టాను, ఎలాగో ఇక్కడ కూడా రాయను. పరిమితికి చాలా దూరంలోనే ఉంది. తేదీ నేను ఎంచలేదు, తనకి వీలైన రోజు తనే చూసుకుంటుంది. బావగారికి పక్క సీటు లేదు, అందులో ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు. కంచె బయట నిలబడి ఫొటోలు తీసుకోవచ్చు. అది చాలని ఒప్పుకున్నారు, కొంచెం గునుస్తూనే.

సాయంత్రం డబ్బు కట్టేశాను. వోచర్ మెయిల్లో వచ్చింది. బావగారు పంపించమని ఇప్పటికే మెసేజ్‌లు పెడుతున్నారు. పంపించను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.