ఆ 4 సెకన్లు

మా స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అలాంటి తిరుపతిలో కూర్చుని కనూ స్లాలమ్ అనే పడవల పోటీ చూస్తానంటే మా అక్కకి వింతగా ఉంటుంది. నాకైతే ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ అంటే ప్రాణం.

ఉరికే నీళ్ళపైన వేలాడే గేట్ల మధ్య నుంచి పడవ నడపాలి. గేటుకు తగిలితే 2 సెకన్లు, వదిలేస్తే 50 సెకన్లు టైముకు కలుపుతారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ కయాక్ ఫైనల్లో రెండు గేట్లకు తగిలింది. కయాక్ అంటే కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే పడవ. ఆ 4 సెకన్లు పడకపోతే బంగారం ఆమెదే. కాంస్యం వచ్చింది. లండన్‌లో వెండి, రియోలో కాంస్యం, మళ్ళీ ఇదీ! ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

రెండు రోజులకే కనూ ఫైనల్. మోకాళ్ళ మీద కూర్చుని, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడపాలి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఆ పోటీ పెట్టడం అదే మొదటిసారి. ఈసారి ఒక్క గేటూ తగల్లేదు. బంగారం! కోచ్ వాళ్ళమ్మే. ఆవిడా 1996 అట్లాంటాలో ఫ్రాన్స్‌కి కాంస్యం తెచ్చిన మనిషి.

2024 పారిస్‌లో రెండు బంగారాలు. తర్వాత, నలుగురు ఒకేసారి పోటీపడే కయాక్ క్రాస్‌లో చెల్లెలు నోయెమీ గెలిస్తే, జెస్సికా నీళ్ళలోకి దూకి వెళ్ళి కావలించుకుంది. ఆ వీడియో మాత్రం మా అక్క నాతో రెండుసార్లు పెట్టించుకుని చూసింది.