వెలికొండ కింది చేలు, టెక్సాస్ జింకల అనుమతులు

అమెరికాలో సొంత పొలంలోకి వచ్చిన జింకను కాల్చడానికి ప్రభుత్వమే అనుమతి ఇస్తుందట కదా, మన దగ్గర మాత్రం కంది చేనును దుప్పులు మేసిపోతుంటే చూస్తూ ఉండవలసిందేనా అని ఉదయగిరి వైపు వెలికొండల అంచున మెట్ట సేద్యం చేసే రైతులు అడుగుతున్నారు. మా కుటుంబానికీ ఆ కొండ కిందే చేను ఉంది కనుక వారి బాధ నాకు తెలుసు. అయితే ఆ అనుమతి వెనుక ఎంత పని ఉంటుందో కూడా తెలుసుకోవాలి.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో భూమి తొంభై శాతానికి పైగా ప్రైవేటు వారిదే. అయినా అక్కడి తెల్లతోక జింక భూయజమాని ఆస్తి కాదు, రాష్ట్ర ప్రజలది. వేటగాడికి లైసెన్సు ఉండాలి, కాలపరిమితికీ సంఖ్యా పరిమితికీ లోబడాలి. 'మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్'లో చేరిన యజమానికి మరికొంత వెసులుబాటు ఉంటుంది. రాత్రివేళ లైటు వేసి, మెరిసే కళ్లను బట్టి మందను లెక్కపెట్టడం, ఆడ, మగ జింకల నిష్పత్తినీ, ఆ ఏడు బతికిన పిల్లలనూ, పొదల్లో మిగిలిన మేతనూ చూడడం, వాటిని బట్టి ఎన్నింటిని వేటాడవచ్చో తేల్చి అన్ని ట్యాగులే, అంటే ఒక్కో జింకకు ఒక్కో అనుమతి చీటీ మాత్రమే, ఇవ్వడం ఆ పథకం నడిచే తీరు. తోడేళ్లు ఏనాడో అంతరించిన ఆ నేలలో మందను అదుపులో ఉంచే పని చాలావరకు మనిషి మీదే పడింది. ఆడ జింకలను తగ్గించకపోతే మంద తన మేతను తానే తుడిచిపెడుతుంది.

మన చుక్కల దుప్పిని కూడా 1932లో టెక్సాస్‌కు తీసుకువెళ్లారు. అక్కడ అది పరాయి జంతువు కనుక దాని వేటకు సీజనూ లేదు, సంఖ్యా పరిమితీ లేదు.

మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణ వాటిని తొలగించింది. ఇప్పుడు ప్రధానంగా మిగిలింది పదకొండవ సెక్షను. చట్టంలోని మొదటి షెడ్యూలు (జాబితా) జంతువైతే మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడో, కోలుకోలేని జబ్బుతోనో గాయంతోనో ఉన్నప్పుడో మాత్రమే అనుమతి. రెండవ షెడ్యూలు జంతువైతే నిలిచి ఉన్న పంటకు నష్టం చేసినా రాష్ట్ర వన్యప్రాణి విభాగాధిపతి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి అనుమతించవచ్చు. అలా చంపిన జంతువు కూడా ప్రభుత్వానిదే. ఆత్మరక్షణకు చంపితే నేరం కాదు కానీ పంట రక్షణకు ఆ మినహాయింపు లేదు. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం వేట కిందికే వస్తుంది. ఆ తీగ దుప్పినీ, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లే పక్క చేను రైతునూ వేరుగా చూడదు.

వేల ఎకరాల పశుక్షేత్రానికి సరిపోయిన ట్యాగు, ఒకే రాత్రి నలుగురి రెండెకరాల చేలలో మేసే మందకు సరిపోదు. ఆ అనుమతిని ఎవరి పేరున రాస్తారు? పైగా చిరుతకు దుప్పే ఆహారం. దాన్ని తగ్గిస్తే చిరుత మన మేకల దొడ్డి వైపు చూస్తుంది. అందుకే తుపాకి అడగడం నాకు సమ్మతం కాదు. టెక్సాస్ నుంచి మనం తెచ్చుకోవలసింది లెక్క. ఏ ఊరి చేలలోకి ఏ నెలలో ఎన్ని దుప్పులు దిగుతున్నాయో అటవీశాఖ, పంచాయతీ కలిసి ఏటా నమోదు చేయాలి, వేసవిలో కొండ మీది కుంటల్లో నీరు నిలపాలి, సోలారు కంచెకు చిన్న రైతులందరికీ ఉమ్మడిగా సాయం అందాలి, పంట నష్టపరిహారం మళ్లీ విత్తనం కొనే వేళకైనా చేతికి రావాలి. వచ్చే గ్రామసభలో ఈ నాలుగింటినీ అర్జీగా ఇవ్వడానికి మా ఊరి రైతులతో మాట్లాడుతున్నాను.