సిరొంచ నుంచి ఆలాపల్లి దాక ఒక గుడ్ల ట్రే

మహారాష్ట్రల సిరొంచ నుంచి అహేరికి ఫోన్ల మ్యాప్ రెండున్నర గంటలని చూపెట్టింది. పట్టింది ఐదు గంటల పది నిమిషాలు. పదకొండున్నరకు గృహప్రవేశం ముహూర్తం, నేను అహేరిల చుట్టాల గడప తొక్కేసరికి ఆఖరి పంక్తోళ్లు పెరుగన్నం కలుపుకుంటున్నరు. మా బావ అయితే "హన్మకొండ నుంచి వస్తున్నవా, అమెరికా నుంచా" అని అందరి ముందట అననే అన్నడు. అనని, పర్వాలేదు. ఇల్లు బాగుంది, భోజనం బాగుంది, వాటి గురించి రాయడానికేం లేదు. ఆ బస్సు గురించి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

హన్మకొండ నుంచి కాళేశ్వరం దాక మీకందరికీ తెలిసిన తొవ్వే. పరకాల దాటినంక లారీలు, భూపాలపల్లి కాడ బొగ్గు దుమ్ము, మహదేవ్‌పూర్‌ల చాయ్. ఆధార్ చూపెట్టిన, జీరో టికెట్ కొట్టిండు, ముక్తేశ్వరుని గుడి ముందట దిగిన. అక్కడ్నుంచి గోదావరి బ్రిడ్జి దాటితే సిరొంచ, ఇట్ల కన్నుమూసి తెరిచేంత దూరం, దానికి ఆటోల తొమ్మిది మందిని కుక్కి మనిషికి నలభై తీసుకున్నడు. వరంగల్ నుంచి రూపాయి లేకుండ వచ్చి, ఆ కాసింత దూరానికి నలభై ఇయ్యాలంటే పానం గిలగిల కొట్టుకుంది. ఏందన్నా అంటే "బ్రిడ్జి లేనప్పుడు పడవోడు ఎంత తీసుకునేటోడో మీ అమ్మనడుగు" అన్నడు, నోరు మూసుకున్న.

ఎందుకంటే నాకు గుర్తుంది. మా మేనత్తను సిరొంచకు ఇచ్చినప్పుడు నేను రెండో తరగతి. వానకాలం అయితే నాటు పడవ, ఎండకాలం అయితే ఇసుకల నడుసుడు, మధ్యల పాయ వస్తే మా అమ్మ ఓ చేతిల చెప్పులు, ఓ చేతిల నన్ను పట్టుకొని మోకాలి లోతుల దాటిచ్చేది. 2015 పుష్కరాలకు పోయినప్పుడు నీళ్లల్ల పిల్లర్లు నిలబడి ఉండే, మా అత్త ఒడ్డు మీద నిలబడి వాటిని చూపెట్టుకుంట "ఇగ రేపో మాపో నా పుట్టిల్లు దగ్గరైతది" అన్నది. నిజంగనే అయింది. ఇప్పుడు సిరొంచోళ్లకు జ్వరమొచ్చినా, చీర కొనాలన్నా, పోరన్ని కాలేజీల వెయ్యాలన్నా మంచిర్యాలో వరంగలో. వాళ్ల సొంత జిల్లా కేంద్రం గడ్చిరోలి మాత్రం రెండొందల కిలోమీటర్ల పైనే ఉంటది. 1982ల చంద్రాపూర్ నుంచి విడగొట్టి గడ్చిరోలి జిల్లా చేసిన్రు, అయినా వీళ్లకు కలెక్టరాఫీసు ఇంకా దూరపు చుట్టమే.

రాత్రి సిరొంచల మా అత్త ఇంట్లనే ఉన్న. అత్త "పొద్దున జీపుల జాగ లేదు బిడ్డా, ఏడు గంటల బస్సుకు రా, కడుపు నిండ మాత్రం తినకు" అన్నది. అత్త ఎందుకన్నదో బామిని దాటినంక తెలిసింది.

ఎర్ర బస్సు. బ్రిడ్జి ఇవతల మనకు సున్నా టికెట్ అయితే అవతల మహారాష్ట్రల ఆడోళ్లకు సగం టికెట్, 75 ఏండ్లు దాటిన ముసలోళ్లకు పూర్తి ఉచితం. నా పక్కన కిటికీ కాడ కూసున్న పెద్దాయన ఆ ఉచితంల ఎక్కినాయననే, కండక్టర్‌కు కార్డు చూపెట్టుడు ఎంత దర్జాగ చూపెట్టిండో. అవతలి సీట్ల ఒకక్క, ఒళ్లె గుడ్ల ట్రేలు. రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి, పైన ఖాళీ ట్రే బోర్లిచ్చి సుతిలి తాడుతోటి ప్లస్ గుర్తు లెక్క కట్టింది. అరవై గుడ్లు. రేపనపల్లి అవతల ఏదో ఊర్ల కిరాణం అట, సిరొంచల ఏడు రూపాయలకు కొని ఊర్ల పదికి అమ్ముతదట. గుడ్డుకు మూడు రూపాయలు లాభమా అని నేను ఆశ్చర్యపోతే "నువ్వు ఒక్కసారి పట్టుకొని కూసో, తర్వాత చెప్పు" అన్నది.

మొదటి అరగంట రోడ్డు బానే ఉంది. ఆమె ట్రేలు కాళ్ల కాడ పెట్టి కునికిపాట్లు పడుతున్నది. నేను కూడ మా అత్త ఊకే భయపెట్టింది అనుకున్న. ఇంతల ఆమె కండ్లు తెరవకుండనే వంగి ట్రేలు ఎత్తి ఒళ్లె పెట్టుకుంది. నేనేందో అనుకునేలోపు బస్సు ధడేల్‌మని పడ్డది, నా తల ముందు సీటు రాడ్‌కు తగిలింది. ఆమె అప్పటికే సీట్ల నుంచి లేశి నిలబడి, ట్రేలు రెండు చేతులతోటి గాల్ల పట్టుకొని, మోకాళ్లు వంచి ఊగుతున్నది, బతుకమ్మను నెత్తి మీద పెట్టుకొని నడిచేటోళ్లు ఒంటిని ఎట్ల ఆపుకుంటరో అచ్చం అట్లనే. కిందికెళ్లి ఏదొచ్చినా మోకాళ్ల కాడనే ఆగుతున్నది, గుడ్ల దాక పోతలేదు. ఐదు నిమిషాలు అట్ల నిలబడి, మళ్ల కూసొని, మళ్ల కింద పెట్టి, కండ్లు మూసుకుంది. రోడ్డు నున్నగైంది. బయటికి చూసిన, నిజంగనే కొత్త డాంబర్. ఎట్ల తెలిసిందక్కా అంటే "నెలకు నాలుగుసార్లు పోత, ఏ చెట్టు కాడ లేవాలో నాకు తెల్వదా" అన్నది.

అక్కడ్నుంచి నాకు అదే పని అయింది, రోడ్డు చూసుడు బంద్ చేసి ఆమెను చూసుడు. ఆమె లేస్తే నేను రాడ్ పట్టుకునుడు.

నాకు అర్థం కానిది ఏందంటే, రోడ్డు మొత్తం ఖరాబైతే ఖరాబైంది అనుకోవచ్చు, ఇది అట్ల లేదు. నాలుగు కిలోమీటర్లు అద్దం, ఆరు కిలోమీటర్లు నరకం, మళ్ల రెండు కిలోమీటర్లు సీసీ, మళ్ల కంకర తేలిన మొరం. పైంగ ఇది ఊరి బాట కాదు, నేషనల్ హైవే, 353-సి. మా పరకాల మీదికెళ్లి పోయేది కూడ ఇదే నంబరు, ఎక్కడో సాకోలి కాడ మొదలై గడ్చిరోలి, ఆలాపల్లి, సిరొంచ, కాళేశ్వరం మీదుగ మన దిక్కు వస్తది. అదే మాట పెద్దాయనతోటి అంటే ఆయన నవ్వి "ఒక్క రోడ్డు అని ఎవరు చెప్పిన్రు బిడ్డా నీకు" అన్నడు.

ఆయన కత ఏందంటే, వయసుల ఉన్నప్పుడు ఇదే తొవ్వల కంకర కొట్టిండట. ఉపాధి హామీకి తాత లాంటిది మహారాష్ట్రల ముందే ఉండే, రోజ్‌గార్ హమీ అంటరు, 1977ల చట్టం చేసిన్రు. "మాకు కూలి ఎవరిచ్చిండో తెలుసా? బొంబాయిల నౌకరి చేసెటోళ్లు. వాళ్ల జీతంల కోసి మాకిచ్చిన్రు" అన్నడు. ఇది ముసలాయన ముచ్చట అనుకునేరు, నిజమే, అక్కడ వృత్తి పన్ను పెట్టిందే ఆ స్కీమ్ ఖర్చు కోసం. నా పేస్లిప్‌ల కూడ నెలకు 200 పోతది, ఇన్నేండ్ల సర్వీసుల అది ఎటు పోతున్నదో ఒక్కనాడు అడగలే, సోషల్ టీచర్ని అయ్యుండి.

తర్వాత ఆయన రోడ్డు పని గ్యాంగ్‌ల పడ్డడు, రిటైర్ అయ్యేదాక రోడ్డు మీదనే. అందుకే ఆయన రోడ్డును చూసే తీరే వేరే. "గా రాయి చూడు" అన్నడు. పసుపు రంగు కిలోమీటరు రాయి, పైపెచ్చు ఊడిన కాడ లోపట ఆకుపచ్చ కనబడుతున్నది. పసుపు అంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ అంటే స్టేట్ హైవే. "ఇది ముందు రాష్ట్రం రోడ్డు, తర్వాత ఢిల్లీ రోడ్డు అయింది. రంగు ఒక్క రోజుల మారుస్తరు, రోడ్డు మారనీకి నిధి కావాలె." ఈ నిధి అనే మాట ఆయన ఎన్నిసార్లు అన్నడో. మరాఠీల ఫండ్‌ను నిధి అంటరు, నిధి మంజూర్ అయింది, నిధి రాలేదు, నిధి వాపస్ పోయింది. మనకు నిధి అంటే లంకెబిందెలే కదా. ఆలోచిస్తే పెద్ద తేడా ఏం కనబడలే, అదీ ఎవరికో ఎక్కడో దొరికిందని వినుడే.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. హైవేను ముక్కలు ముక్కలు చేసి టెండర్లు పిలుస్తరు, ఒక్కో ముక్క ఒక్కో ఏడాది పద్దుల పడుతది, ఒక్కో కాంట్రాక్టర్. అడివిల ఉన్న ముక్క వెడల్పు చెయ్యాలంటే 1980 అటవీ చట్టం కింద ఢిల్లీ నుంచి పర్మిషన్ రావాలె, నరికిన చెట్లకు బదులు చెట్లు పెట్టనీకి పైసలు కట్టాలె, అది వచ్చేదాక అడివి ముక్కను ముట్టరు, దాని ముందు ముక్క వెనక ముక్క అయిపోతయి. పర్మిషన్ వచ్చేసరికి ముందు చేసిన ముక్క పాతవడ్తది. "మార్చిల డాంబర్ పోస్తరు, జూన్‌ల వాన తింటది, మల్ల మార్చి దాక మనం తింటం" అన్నడు, నడుము పట్టుకొని.

ఇంకో వింత. జిమలగట్ట దాటినంక పెద్ద రోడ్డు నుంచి పక్కకు చీలే ఊరి రోడ్లు కొన్ని, సన్నగ, నల్లగ, ఎంత ముద్దుగున్నయో. మెయిన్ రోడ్డు ఇట్లుండి గల్లీ రోడ్డు అట్ల ఎట్లుంటది? మూల మీద బోర్డు కాడ బస్సు ఆగితే చదివిన, మరాఠీల "కామాచే నావ్" అంటే పని పేరు, పొడువు, కిమ్మత్, కాంట్రాక్టర్ పేరు, కింద ఐదేండ్ల నిర్వహణ. కిమ్మత్ అంకెల మీద ఎవరో రాయి పెట్టి గీకిన్రు, మిగతాది చక్కగ ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ రోడ్లకు అదే కిటుకు, వేసినోడే ఐదేండ్లు చూసుకోవాలని టెండర్లనే రాస్తరు. ఇంటికొచ్చినంక ఇంకొంచెం చదివిన. నక్సల్ జిల్లాలకని వేరే పద్దు కూడ పెట్టిన్రు, 2016 డిసెంబర్‌ల ఒప్పుకున్నరు, 44 జిల్లాలకు, 5,412 కిలోమీటర్ల రోడ్లు, 126 వంతెనలు, 11,725 కోట్లు, వందల అరవై కేంద్రం, నలభై రాష్ట్రం. అంటే లోపట ఊరికి పోయే బాటకు ఒక ఖాతా, దాన్ని కలిపే పెద్ద తొవ్వకు ఇంకో ఖాతా, రెండు ఖాతాలకు ఒకదాని మొఖం ఒకదానికి తెల్వదు. ఆ సంగతి మన నడుముకు మాత్రం బాగ తెలుస్తది.

సిరొంచకు ఇది కొత్త కాదు లెండి. బ్రిటిషోళ్ల కాలంల అదే ఒక జిల్లా కేంద్రం, అప్పర్ గోదావరి జిల్లా అనేటోళ్లు. కాటన్ దొర ఆలోచన ప్రకారం వార్ధా దిక్కు పత్తిని పడవల మీద గోదావరిల కిందికి సముద్రం దాక దించాలని 1860లల్ల దుమ్ముగూడెం కాడ, ఇచ్చంపల్లి కాడ కట్టలు, కాలువలు మొదలుపెట్టిన్రు. ఇంతల నాగపూర్‌కు రైలొచ్చింది, ఖర్చేమో పెరుగుకుంట పోయింది, 1871ల సగంల వదిలేసిన్రు. ఇది నేను పెద్దాయనకు చెప్తే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలే, "బిల్లులు వచ్చినయా మరి వాళ్లకు" అని అడిగిండు.

రేపనపల్లి కాడ పది నిమిషాలు ఆపిన్రు. మిర్చి బజ్జీ ప్లేటు ముప్పై, నాలుగే బజ్జీలు, నూనె వాసన. మా అత్త మాట గుర్తొచ్చి రెండు తిని రెండు పెద్దాయనకిచ్చిన. కమలాపూర్ ఏనుగుల క్యాంపుకు తొవ్వ ఇక్కడ్నుంచే, పోదామని మనసులుండే గని ముహూర్తం అప్పటికే దాటిపోతున్నది.

రేపనపల్లి దాటినంక టేకు అడివి, మధ్యల కొత్త సీసీ రోడ్డు. తెల్లగ, గీతలు కూడ ఆరినట్టు లేవు. నాలుగు గంటల నుంచి పది ఇరవైల నడిపిన డ్రైవర్‌కు పానం లేశొచ్చినట్టుంది, కాలు గట్టిగ తొక్కిండు. కిటికీలల్ల గాలి, బస్సుల అందరి మొఖాలు వెలిగినయి, పెద్దాయన కండ్లు మూసిండు, అక్క ట్రేలు కాళ్ల కాడ పెట్టి నాతోటి మా స్కూల్‌ల పిల్లలెంతమంది, జీతమెంత అని ముచ్చట పెట్టింది. నేను జీతం తగ్గిచ్చి చెప్తున్న.

అప్పుడు సీసీ అయిపోయింది. అయిపోయింది అంటే, ఒక్కసారే, కత్తితోటి కోసినట్టు. అవతల పాత డాంబర్ జానెడు కింద ఉంది. బోర్డు లేదు, ముగ్గు పిండి గీత కూడ లేదు. బస్సు గాల్లకు లేశి కింద పడ్డది, వెనక సీట్ల ఎవరో "అమ్మో" అని మొత్తుకున్నరు, నా బ్యాగ్ ముందుకు ఉరికింది, ట్రేలు సీటు కింది రాడ్‌కు కొట్టుకొని పక్కకు ఒరిగినయి.

డ్రైవర్ ఆపిండు. ఎవరికేం కాలేదు. ఆ అక్క సుతిలి తాడు విప్పి ఒక్కొక్క గుడ్డు తీసి వెలుతురుకు పట్టి చూసింది, చూసేంత సేపు బస్సు బస్సంతా చప్పుడు చెయ్యలే, కండక్టర్ కూడ సీటీ నోట్ల పెట్టుకొని ఊదకుండ నిలబడ్డడు. ఏడు పగిలినయి. నాలుగు మొత్తం, మూడు చిట్లినయి.

పెద్దాయన కిటికీల నుంచి వెనక్కి వంగి ఆ దిగుడును చూసిండు. "ఈ ముక్కోన్ని అడిగితే నా పని ఈడికే అంటడు. ఆ ముక్కోడు నాది ఇంకా మొదలుగాలే అంటడు. ఈ జానెడు ఎవరి బిల్లుల లేదు బిడ్డా."

"ఇన్నేండ్ల గుంతలల్ల ఒక్కటి పోలే నాకు" అన్నది ఆమె, కోపంగ కాదు, లెక్క తప్పినోళ్లు అన్నట్టు. నా టిఫిన్ డబ్బా అడిగి తీసుకొని చిట్లిన మూడు అందుల కొట్టి మూత పెట్టి, "అహేరి పోయినంక అట్టు ఏసుకోండ్రి, ఇరవై ఇయ్యి చాలు" అని చెయ్యి చాపింది. మూడు గుడ్లు సిరొంచల ఇరవై ఒక్క రూపాయి. ఒక రూపాయి తగ్గిచ్చింది.