తోటకూర అదే, వంటే మారింది

నిన్న అమ్మ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే అంకె) 2.8 వచ్చింది. ఆ కాగితం చూశాక గానీ నాకు అన్నం సహించలేదు. గుండెలోని మైట్రల్ వాల్వు (కవాటం) తీసి లోహపు వాల్వు వేశారు కనుక, రక్తం గడ్డకట్టకుండా అమ్మ జీవితాంతం వార్ఫరిన్ మింగాలి. ఐఎన్‌ఆర్ 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆపరేషన్, కుట్లు మానడం సాఫీగానే గడిచాయి.

ఆషాఢంలో అమలాపురంలో పెద్దమ్మగారింట్లో ఉండి వచ్చాక పరీక్ష చేయిస్తే 1.6. కాకినాడలో డాక్టరుగారు కాగితం చూస్తూనే, "మాత్రలు మానేసి వచ్చి అబద్ధాలు చెబుతారా?" అని అందరి ముందూ కేకలేశారు. ఖాళీ మాత్రల అట్టలు, నేను తేదీలు వేసి రాసిన పుస్తకం బల్ల మీద పెట్టాను. వాటిని పక్కకు నెట్టి, మోతాదు పెంచి రాసి, తర్వాతివాళ్లను పిలిచారు. ఒక్క పూట కూడా మాత్ర తప్పని మా అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ బయటికి వచ్చింది. ఏం తిన్నారని ఒక్క మాట అడగలేదు. రోగిని దొంగను చూసినట్టు చూసేవారికి ఆ కుర్చీ ఎందుకు? మా ఇంటి తిండి మీద ఆ పెంచిన మోతాదు పడి ఐఎన్‌ఆర్ 4.7కి ఎగబాకింది, చిగుళ్ల నుంచి రక్తం కారింది.

రాజమహేంద్రవరంలో డాక్టరమ్మగారు మోతాదు సరిచేసి, "తోటకూర ఎలా వండుతారు?" అని అడిగారు. మా ఇంట్లో చుక్క నూనె లేకుండా ఉడికించి ఉప్పు వేస్తాం. పెద్దమ్మ అదే ఆకును కొబ్బరికోరుతో వేయించి, పైన నెయ్యి వేసి పెట్టింది. విటమిన్ కె కొవ్వులో కరుగుతుంది. తిండిలో కొవ్వు ఉంటే పైత్యరసం దిగి, పేగులు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, ఉత్త పాలకూర కంటే వెన్నతో తిన్న పాలకూర నుంచి సుమారు మూడు రెట్లు రక్తంలోకి చేరింది. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ విటమిన్ పనినే. అది పెరిగితే మందు జోరు తగ్గుతుంది.

ఆకుకూర మానవద్దన్నారు. ఇప్పుడు రోజూ అదే గిన్నెడు కూర, అదే చెంచా నూనె. మోతాదు దానికి తగ్గట్టు. మునగాకైనా గోంగూరైనా ఒక్కసారిగా పెంచకండి. యాంటీబయాటిక్ ఎవరు రాసినా ముందు వార్ఫరిన్ సంగతి చెప్పండి. మోతాదు మాత్రం సొంతంగా మార్చకండి. వంట గురించి డాక్టరు అడగకపోతే మీరే చెప్పి, చీటీలో రాయించుకోండి.