డెబోరా కెర్ సినిమాలు వరుసగా చూస్తున్నా: ఇప్పటిదాకా నోట్స్

ఒకే నటి సినిమాలను విడుదలైన వరుసలో చూడాలన్నది ఈసారి పెట్టుకున్న పని. డెబోరా కెర్ 1921లో గ్లాస్గోలో పుట్టింది. బాలే నేర్చుకుంది, 1938లో లండన్ శాడ్లర్స్ వెల్స్ వేదిక మీద ఆడింది. 1940లో చేసిన మొదటి సినిమాలో ఆమె సీన్లు ఎడిటింగ్‌లోనే ఎగిరిపోయాయి కాబట్టి నా లెక్క 1941తో మొదలు.

నోట్‌బుక్‌లో సినిమాకో పేజీ. పైన సంవత్సరం, దర్శకుడు, కెమెరామన్, పాత్ర పేరు. కింద ఒక్కటే రాసుకుంటున్నా: డైలాగ్ లేనప్పుడు ఈవిడ ఏం చేస్తోంది?

1943 నాటి 'కల్నల్ బ్లింప్' దగ్గర బాగా ఆగిపోయాను. అందులో ముగ్గురు ఆడవాళ్లూ ఆమే. 1902 నాటి బెర్లిన్‌లో గవర్నెస్ (ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ), మొదటి ప్రపంచయుద్ధంలో నర్సు, రెండో యుద్ధంలో సైన్యపు కారు డ్రైవర్. షూటింగ్ నాటికి వయసు ఇరవై! విగ్గుల సంగతి వదిలేసి నడక గమనించండి, ముగ్గురూ వేరే మనుషులని అర్థమవుతుంది. చూసేముందు నిడివి 163 నిమిషాలు ఉందో లేదో సరిచూసుకోండి. చాలా ఏళ్లు దీన్ని కోసేసిన ప్రింట్లే తిరిగాయి.

1947 'బ్లాక్ నార్సిసస్' హిమాలయాల్లోని కాన్వెంట్ కథ. తీసింది మాత్రం ఇంగ్లండ్‌లోనే, ఎక్కువగా పైన్‌వుడ్ స్టూడియోలో. ఆ లోయలన్నీ పెయింటింగులే. మన మైసూరు నటుడు సాబూ కూడా ఉన్నాడు. కెమెరామన్ జాక్ కార్డిఫ్‌కి ఆస్కార్ వచ్చింది. నన్ దుస్తుల్లో ముఖం తప్ప ఏమీ కనపడదు, దాంతో నా పేజీ మొత్తం కళ్ల గురించే నిండిపోయింది. ఇది దాదాపు చదరపు ఫ్రేమ్. టీవీలో జూమ్ నొక్కితే తల, గడ్డం తెగిపోతాయి. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి.

హాలీవుడ్ తొలి ఏళ్లు గబగబా దాటేశాను, మర్యాదస్తురాలి వేషాలే ఎక్కువ. 1953లో 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' ఆ ముద్రని చెరిపేసింది. 1956 'ది కింగ్ అండ్ ఐ' పాటల్లో చాలావరకు గొంతు మార్నీ నిక్సన్‌ది. అయినా పెదవుల కదలిక ఎక్కడా తేడాగా అనిపించదు. ప్లేబ్యాక్‌కి అలవాటుపడ్డ మనకి అదేం వింత కాదనుకోండి.

1961 'ది ఇన్నోసెంట్స్' ఇప్పటివరకు అన్నిటికన్నా పైన. బ్లాక్ అండ్ వైట్, సినిమాస్కోప్ (బాగా వెడల్పు ఫ్రేమ్). కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫ్రేమ్ అంచుల్ని ఫిల్టర్లతో చీకటి చేశాడు. ఫోన్‌లో చూస్తే ఆ చీకటిలో ఏముందో తెలియదు. గదిలో లైట్లు ఆర్పి, టీవీలో రంగులు, వెలుగు పెంచే వివిడ్ మోడ్ తీసేశాకే నాకు సరిగ్గా కనిపించింది.

ఉత్తమ నటిగా ఆరుసార్లు ఆస్కార్ నామినేషన్ వచ్చినా ఒక్కసారీ గెలవలేదు. 1994లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆ ఆరింటిలో 'బ్లాక్ నార్సిసస్' లేదు, 'ది ఇన్నోసెంట్స్' లేదు! అందుకే నామినేషన్ల జాబితా పట్టుకుని చూడొద్దంటాను.

తర్వాతిది 1964 'ది నైట్ ఆఫ్ ది ఇగ్వానా', జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో.